యాడ దిగినారు?

నంద్యాల బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జిలో గుమాస్తాగా చేరి మేనేజరుగా మానుకున్న మనిషిని. ఉద్యోగమంతా ఒక పొడుగాటి రిజిస్టరు ముందే గడిచింది. ఎర్ర గుడ్డ అట్ట, మూలలు నలిగిన కాగితాలు, స్కేలు పెట్టి గీసిన గళ్లు: వరుస నంబరు, పేరు, ఊరు, ఎక్కడినుంచి రాక, ఎక్కడికి పోక, వచ్చిన పని, ఎందరు, ఎన్ని గంటలకు దిగిందీ, ఎన్ని గంటలకు ఖాళీ చేసిందీ, చివర సంతకం. రాత్రి బాగా పొద్దుపోయినాక కానిస్టేబుల్ వచ్చి పేజీ అడుగున ఒక సంతకం గీకి, టీ తాగి పోయేవాడు. ఆయన చూపు పేర్ల మీద. నా చూపు 'వచ్చిన పని' గడి మీద. పత్తి, కోర్టు వాయిదా, పెళ్లి, మహానంది, సీడు, ఎలక్షన్ డ్యూటీ, విగ్రహం ఆర్డరు. ఏం రాయాలో తోచనివాళ్లూ, ఏమీ రాయదలచుకోనివాళ్లూ 'సొంత పని' అని రాసేవాళ్లు. మా వైపు చరిత్ర చెప్పమంటే పండితులు శాసనాల దగ్గర మొదలుపెడతారు, విలేకరులు కక్షల దగ్గర మొదలుపెడతారు. నాకు ఆ గడి చాలు.

ఆ రిజిస్టరులో లేని గడి ఒకటుంది. కులం. చేరిన కొత్తలో అది నా బుర్రకు తట్టలేదు. మా నాయన ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో బండి తోలేవాడు. సీజన్లో పత్తి బండి కట్టుకుని నంద్యాలకు వచ్చేవాడు. మండీ తెరిచేదాకా ఎద్దులను విప్పి, బండి కింద గోనెపట్టా పరుచుకుని పడుకునేవాడు. నంద్యాలలో సత్రాలుండేవి. మా కులానికి సత్రం ఉండేది కాదు. ఆ మనిషి కొడుకు గది తాళాలు ఇచ్చే బల్ల వెనక కూర్చున్నాడంటే మధ్యలో ఎంత జరిగిందో, అదంతా ఆ లేని గడిలో ఉంది.

లాడ్జి అనగానే మూతి ముడిచే పెద్దమనుషులే సత్రం అనగానే చేతులెత్తి మొక్కడం చూశాను. ఆ మొక్కులో సగం పాత అలవాటేనని నా అనుమానం. అందుకే నంద్యాల, ఆళ్లగడ్డ, ఈ రెండు ఊళ్ల కథను పడకల లెక్కన చెబుతాను. ఏ కాలంలో ఎవరికి చోటు దొరికింది, ఎవరు అరుగు కిందే ఉండిపోయారు అని.

మొదట దేవుడి సంగతి. మా వైపు ఏటేటా అందరికంటే ఎక్కువ రాత్రులు ఇల్లు వదిలి ఉండేది అహోబిలం నరసింహస్వామి. కనుమనాడు దిగువ అహోబిలంలో పల్లకి లేస్తుంది. ఎగువ నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ నుంచి ప్రహ్లాదవరదుడు, ఇద్దరూ ఒకే పల్లకిలో కూర్చుంటారు. చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకి మీదికి బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని చేసుకున్నవాడు వాళ్లకు అల్లుడే కదా, అల్లుడితో ఆ మాత్రం సరసం ఉంటుంది. అక్కణ్నుంచి సుమారు నలభై రోజులు, ముప్పైకి పైగా పల్లెలు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, స్వామి కల్యాణం. ఆ పెళ్లికి పిలవడానికి స్వామే వాకిళ్లకు వస్తాడని మా నమ్మకం. దీన్ని పార్వేట అంటాం. అహోబిల మఠం మొదటి జీయరు ఆదివన్ శఠగోప యతీంద్రులు దీన్ని ఏర్పాటు చేశారని మఠం వాళ్లు చెబుతారు. మఠం 1398లో మొదలైందని వాళ్ల లెక్క.

బాచేపల్లెతో మొదలై ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ, రుద్రవరం వైపు పల్లెలన్నీ తిరిగే ఆ పల్లకిని దించడానికి ఊరూరా ఒక అరుగు ఉంటుంది. దాన్ని తెలుపు అంటారు. స్వామి వచ్చే రెండు రోజుల ముందు దానికి సున్నం కొట్టి, ఎర్రమట్టి పట్టెలు తీర్చి, పందిరి వేస్తారు. తెలుపు ఎవరి వాకిట్లో ఉంటే ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి ఆరదు. బోయీలకు భోజనం ఎవరి వంతు, దివిటీలకు నూనె ఎవరి వంతు, మేళగాళ్లకు చాపలు ఎవరి వంతు, ఇవన్నీ తాతలనాడే తేలిపోయిన పంపకాలు, కాగితం మీద ఎక్కడా ఉండవు. కొత్తబట్టలు, కూతుళ్లూ అల్లుళ్లూ రావడం, పొట్టేలు తెగడం మా పల్లెల్లో సంక్రాంతికి కాదు, పార్వేటకు. పట్నంలో పనిచేసేవాడు సంక్రాంతి సెలవు వదులుకుని పార్వేటకు లీవు పెడతాడు. ఆ లీవు చీటీలో ఏం రాస్తే బెంగళూరు మేనేజరుకు అర్థమవుతుందో తెలియక తంటాలు పడిన పిల్లలు నాకు తెలుసు.

చిన్నప్పుడు నాకు పల్లకి కంటే బోయీల మీదే కళ్లుండేవి. తెల్లవారుజామున తెలుపు పక్కన వరుసగా పడుకుని ఉండేవాళ్లు, పంచె విప్పి ముసుగు పెట్టుకుని. బొంగు ఆనే చోట భుజం మీద తోలు మందంగా, నల్లగా, గుప్పెడంత కాయ కాసి ఉండేది. ఒకాయన దాని మీద ఆముదం రాసుకుంటూ, తాకి చూడమని నా చెయ్యి పట్టుకుని పెట్టించాడు. చెప్పు అడుగులా ఉంది. 'ఇది మా నాయన ఇచ్చిన ఆస్తి' అన్నాడాయన నవ్వుతూ. ఆ తెలుపు మీదికి ఎక్కే హక్కు మాకు అప్పట్లో లేదు. మా వాడ వాళ్లు దూరంగా నిలబడి టెంకాయ చేతికిచ్చి పంపితే, కొట్టిన చిప్ప తిరిగి వచ్చేది. దేవుడికి ముప్పైకి పైగా ఊళ్లలో విడిది ఉంది, మాకు ఆ విడిది ముందు నిలబడే గీత ఉంది. ఇప్పుడా గీత చాలా చోట్ల చెరిగింది. చెరగని చోట్లు కూడా నాకు తెలుసు.

రాజులకు ఈ బాధ లేదు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో, కళింగ దండయాత్ర రోజుల్లో, అహోబిలం వచ్చి స్వామికి నగలు సమర్పించినట్టు శాసనం ఉంది. రాజు వస్తే గుడారాలు, వంటశాలలు, గుర్రపుశాలలు ఆయనతోనే వస్తాయి. ఆయన దిగిన చోటే ఊరు. మామూలు భక్తుడికి ఆ కాలంలో వైష్ణవ క్షేత్రాల్లో రామానుజకూటాలుండేవి. కూడూ నీడా రెండూ అక్కడే. వాటిలో ఎవరి పంక్తి ఎవరిదో చెప్పనక్కర్లేదు.

ఈ దారిన పోయినవాళ్లలో నాకు బాగా నచ్చిన మనిషి ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న పరివారాన్ని వెంటబెట్టుకుని కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప మీదుగా అహోబిలం, మహానంది చూసుకుని శ్రీశైలం దారి పట్టాడు. రోజూ మజిలీలో కూర్చుని రాసుకున్నాడు. ఊళ్లో అంగళ్లున్నాయా, సామాన్లు దొరుకుతాయా, నీళ్లు మంచివా, దిగడానికి చోటుందా, ముందు దారి గట్టిదా రేగడా. రాసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు ఉత్తరాలుగా పంపితే, ఆయన 1838లో అచ్చు వేయించాడు. పండితులు దాన్ని తొలి తెలుగు యాత్రాచరిత్రల్లో ఒకటిగా మెచ్చుకుంటారు. నేను మాత్రం మా వృత్తి కంటితో చదివాను. కొత్త ఊళ్లో దిగే మనిషికి ఏం కావాలో అంత శ్రద్ధగా పట్టించుకున్నవాడు ఆయనకు ముందు నాకు కనబడడు. నంద్యాల, మహానంది అప్పటికి కందనూరు, అంటే కర్నూలు, నవాబు ఇలాకా. శ్రీశైలం పోయే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు తలకింత అని వసూలు చేసేవాళ్లు. ఆ సంగతీ ఆయన దాచలేదు. తొమ్మిదేళ్లకు, 1839లో, ఈస్టిండియా కంపెనీ ఆ నవాబును దించేసి ఇలాకాను కలిపేసుకుంది. వసూలు చేసే చెయ్యి మాత్రమే మారింది.

కంపెనీవాళ్లకు, తర్వాత దొరతనానికి, దిగే చోటు గురించి బెంగ ఎక్కువ. మసీదు అరుగు మీద పడుకోలేరు, సత్రంలో తినలేరు. అందుకే బంగళాలు లేచాయి. మందపాటి గోడలు, ఎత్తైన కప్పు, ముందు వరండా, వెనక వంటపాక, ఒక కాపలావాడు. తాలూకా ఊళ్లలో వీటిని ట్రావెలర్స్ బంగళా అన్నారు, జనం నోట అది టీబీ అయింది. కాలువ గట్ల మీద ఉన్నవి ఇన్‌స్పెక్షన్ బంగళాలు. ఆ కాలువ కె.సి. కెనాల్, కర్నూలు కడప కాలువ. దాని కథే ఒక పాఠం. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అని లండన్ డబ్బుతో పెట్టిన కంపెనీ 1863లో పని మొదలుపెట్టి 1870కి ముగించింది. పడవలు నడుస్తాయి, రైతులు నీళ్లు కొంటారు, లాభాలు వరదలా వస్తాయి అనుకున్నారు. మా నల్లరేగడి రైతులు నీళ్లు వద్దన్నారు. రేగడికి వాన తేమ చాలు, జొన్న, పత్తి దానితోనే పండుతాయి, కాలువ నీళ్లు పెడితే నేల చవుడు పడుతుందని వాళ్ల భయం. కంపెనీ మునిగింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. ఈనాడు నంద్యాల సోనా బియ్యం అని దుకాణాల్లో అమ్మేది ఆ కాలువ కింద కూడా పండుతుంది. వద్దన్నవాళ్ల మునిమనవలు ఇప్పుడు నీళ్లు వదలలేదని రోడ్డు మీద కూర్చుంటారు.

ఆ బంగళాల్లో మన మనిషి పడుకునే చోటు వంటపాక పక్కనే.

రైలు 1880ల చివర వచ్చింది. గుంతకల్లు వైపు నుంచి మీటర్ గేజ్ పట్టాలు నంద్యాల దాకా, అక్కణ్నుంచి నల్లమల చీల్చుకుని గిద్దలూరు, కంభం మీదుగా గుంటూరుకు. అడవి మధ్య దొరబావి దగ్గర కట్టిన ఎత్తైన వంతెన మీద బండి పోతుంటే కిటికీలోంచి కిందికి చూసి కళ్లు తిరిగినవాళ్లను నేనే ఎరుగుదును. 1990లలో బ్రాడ్ గేజ్ వేసినప్పుడు దారి మార్చి ఆ వంతెనను వదిలేశారు. ఏమైనా, రైలుతో నంద్యాల మార్కెట్ ఊరైంది. ఇక్కడి పత్తికి బజారులో నార్తర్న్స్ అని సొంత పేరుండేది. 1906లోనే ఇక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టారు. చాలా తర్వాత రైతులు విరగబడి వేసిన నరసింహ రకం పత్తి ఆ పొలాల్లో పుట్టిందే. జిన్నింగు మిల్లులు, మండీలు, వాటి వెనక గుమాస్తాలు, తూకందార్లు, బొంబాయి కంపెనీల ఏజెంట్లు. ఇంతమందికి రాత్రి ఎక్కడ?

సత్రాలు అప్పుడే చిక్కబడ్డాయి. పేర్లు ఊరి పటంలో ఇప్పటికీ ఉన్నాయి. బొమ్మలసత్రం అంటే నంద్యాల ఆటోవాడు దారి అడగకుండా తీసుకెళ్తాడు. వ్యాపారస్థుడు ఊరొస్తే ఆ కులం సత్రం, బంధువు ఉంటే బంధువు ఇల్లు. వైశ్యుల సత్రంలో వైశ్యులకు, బ్రాహ్మణ సత్రంలో బ్రాహ్మణులకు ఉచితంగానో నామమాత్రానికో గది, రెండు పూటలా భోజనం. కట్టించినవాళ్ల పుణ్యం మీద నాకు అనుమానం లేదు. చలువరాతి పలక మీద చెక్కించిన ఆ పేర్లలో కొందరు నిజంగా ఆస్తులు కరగబెట్టుకున్నవాళ్లే. మా ప్రాంతంలో పెట్టిన చెయ్యికి కొదవ లేదు. ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి అంబలి పోయించి, ఆ సంగతి సీమ దాటి విక్టోరియా రాణి దాకా పోయి, అక్కణ్నుంచి బంగారు పతకం వచ్చింది. కంపెనీ మీద తిరగబడితే 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసిన నరసింహారెడ్డిదీ అదే ఊరు. ఆకలికి అన్నం పెట్టడంలో మావాళ్లు కులం చూడకపోయి ఉండొచ్చు. పక్కన చాప పరవడంలో చూశారు. మహానందిలో, అహోబిలంలో ఇవాళ్టికీ సత్రాల బోర్డులు చదువుకుంటూ నడిస్తే కులాల జాబితా చదివినట్టే ఉంటుంది. పూర్వం ఎవరికి సత్రం లేదో వాళ్లలో కొందరు డబ్బు చేరాక తమ సత్రం తాము కట్టుకున్నారు. గోడ పగలగొట్టడం కంటే పక్కన ఇంకో గోడ కట్టడం సులువు కదా.

మా వాడ పిల్లలకు పట్నంలో మొదట పడక దొరికింది మిషన్ బోర్డింగుల్లో. ఎస్పీజీ అనే క్రైస్తవ మిషన్ వాళ్లు నంద్యాలలో, మా ఆళ్లగడ్డ దిక్కున ముత్యాలపాడులో బడులు పెట్టారు. నంద్యాలలో హోలీ క్రాస్ కెథీడ్రల్ వాళ్లదే. 1947లో దక్షిణాది చర్చీలు కొన్ని కలిసి ఒక్కటైనప్పుడు నంద్యాల వాళ్లు మేం రాము అని చాలా ఏళ్లు విడిగా నిలబడ్డారు. ఆ మంకుతనం నాకు నచ్చుతుంది, అది కూడా సీమ గుణమే. బోర్డింగులో ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, ఒక ప్లేటు. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. అక్కడ ఉండి చదువుకున్న మా పెదనాయన, చాప మీద తన పేరు నల్లరంగుతో రాసి ఉండేదని ముసలితనంలో కూడా చెప్పేవాడు. అదొక్కటీ తనది అని.

1928 నవంబరులో నంద్యాలకు ఊరు పట్టనంత మంది వచ్చారు. ఆంధ్ర మహాసభ. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షుడు. దానితోపాటే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సభ జరిగింది. నిజాం కంపెనీకి దానమిచ్చిన జిల్లాలు అని అర్థం వచ్చే ఆ పేరు మోయడం ఇక చాలని, చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు ప్రతిపాదిస్తే సభ ఒప్పుకుంది. అనంతపురం, కడప, బళ్లారి వైపులనుంచి వచ్చిన ప్రతినిధులు ఊళ్లో వకీళ్ల ఇళ్లలో, వ్యాపారుల ఇళ్లలో, సత్రాల్లో సర్దుకునే ఉండాలి. లాడ్జీలు అప్పటికి లేవు. మన ప్రాంతానికి పేరు పెట్టిన సభ మా ఊళ్లో జరిగిందని నంద్యాల పిల్లలకే తెలియదు. దానికి ఒక మంచి గుర్తు కూడా ఊళ్లో లేదు. ఇది నాకు చిరకాలపు మంట.

లాడ్జి బస్సుతో వచ్చింది. బస్సులు పెరిగి, పొద్దున వచ్చి పని చూసుకుని సాయంత్రం పోలేనివాళ్లు ఎక్కువయ్యాక, బస్టాండు చుట్టూ మేడ మీద మేడ లేచింది. కింద హోటలు, మధ్యలో ఒక ఎస్టీడీ బూత్, పైన గదులు. పొద్దున్నే కిందినుంచి ఉగ్గాని తిరగవాత వాసన, మిరపకాయ బజ్జీల చప్పుడు. గదిలో ఇనుప మంచం, రెక్సిన్ తొడుగు వేసిన పరుపు, స్టీలు కూజా, దాని మీద బోర్లించిన గ్లాసు, గోడకు ఒక వంకర మేకు. తాళంచెవికి చెక్కముక్క, చెక్క మీద నంబరు. జేబులో పట్టకుండా ఉండాలనే అంత పెద్ద ముక్క. అయినా తీసుకెళ్లిపోయేవాళ్లు, పోస్టులో తిరిగి పంపేవాళ్లు, పంపనివాళ్లు.

ఆ బల్ల దగ్గరే ఊరి సంవత్సరం నాకు తెలిసేది. కార్తీక సోమవారాలు వస్తే నవనందుల జనం. నంద్యాలలో ప్రథమనంది, నాగనంది, సోమనంది, బయట సూర్యనంది, శివనంది, కృష్ణనంది, చివర మహానంది దగ్గర వినాయకనంది, గరుడనంది, మహానంది. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకేలోగా తొమ్మిదీ చూడాలి. వాళ్లు తెల్లవారుజామున మూడింటికి వేడినీళ్లు అడుగుతారు, రాత్రి కాళ్లు వాచి వచ్చి పడతారు. పత్తి రోజుల్లో గుంటూరు, రాయచూరు కొనుగోలుదార్లు. తర్వాత సీడు కాలం. సంకరపత్తి విత్తనం చేసే పొలాలు మహానంది, సిరివెళ్ల, ఆళ్లగడ్డల చుట్టూ పెరిగాక కంపెనీ మనుషులు, ఆర్గనైజర్లు వారాల తరబడి ఉండేవాళ్లు. పొలంలో సాయంత్రం మొగ్గలు గిల్లి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దాలి. గిల్లేది, రుద్దేది ఆడపిల్లలు. కంపెనీ మనిషికి మా దగ్గర ఫ్యాను గది, ఆ పిల్లలకు చేనిగట్టున రేకుల షెడ్డు. నేను చెప్పే పడకల లెక్కలో ఇది కూడా రాసుకోండి.

కోర్టు వాయిదాల రాత్రులు వేరు. ఒక వర్గం దిగిన లాడ్జిలో రెండో వర్గం దిగదు. ముందు ఒక కుర్రవాడు వచ్చి, ఎవరెవరు ఉన్నారని రిజిస్టరు చూపించమంటాడు. చూపించకూడదు. చూపించకపోతే అతను పోడు. అప్పుడు నేను నేర్చిన విద్య ఒక్కటే. 'గదులు లేవన్నా, పెళ్లివాళ్లు బుక్ చేసినారు.' ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో దేవుడికి తెలుసు, మా లాడ్జిలో మాత్రం ఏడాది పొడవునా జరిగేవి.

ఎన్నికలు చెప్పకపోతే నంద్యాల కాదు. 1977లో రాష్ట్రంలో 42 సీట్లకు 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. నీలం సంజీవరెడ్డి ఇక్కడినుంచి లోక్‌సభకు వెళ్లి స్పీకరై, అదే ఏడాది రాష్ట్రపతి అయ్యాడు. 1991లో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యాక ఎంపీ కావలసి వచ్చి మా ఊరికి వచ్చాడు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. అయిదు లక్షల ఎనభై వేలకు పైగా మెజారిటీ. ఆ నవంబరులో నంద్యాలలో ఖాళీ మంచం చూసినవాడు లేడు. ఢిల్లీ విలేకరులు కారిడార్లో పరుపులు వేయించుకుని పడుకున్నారు. వాళ్లలో ఒకరు పొద్దున ఉగ్గాని తిని, ఇది ఏ ధాన్యమని అడిగితే, బొరుగులు నానబెట్టిందని నమ్మించడానికి వంటగదిలోకి తీసుకుపోవలసి వచ్చింది.

రిజిస్టరులో కులం గడి లేదన్నాను. అంతమాత్రాన అందరికీ తలుపు తెరిచి ఉండేదని అనుకోకండి. ఒంటరి ఆడమనిషికి గది లేదు. ఎక్కడా రాసి ఉండదు, అన్ని లాడ్జిల్లోనూ అదే మాట. పరీక్ష రాయడానికి వచ్చిన టీచరమ్మ, ఉద్యోగంలో చేరడానికి వచ్చిన నర్సమ్మ తోడు మగవాడు లేకపోతే మళ్లీ బస్టాండు బెంచీ మీదికే. ఆ అమ్మలకు సత్రమే గతి. తమ కులానికి సత్రం ఉంటేనే.

ఆ తలుపు తెరిచింది ప్రభుత్వమూ కాదు, లాడ్జి యజమానులూ కాదు. బ్యాంకు పరీక్షలు. నంద్యాలలో బ్యాంకు కోచింగ్ పేరుపడ్డాక ఉద్యోగం లేని పిల్లలు రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వచ్చి నెలల తరబడి ఉండిపోవడం మొదలైంది. సంజీవనగర్, పద్మావతినగర్ వైపు ఇళ్లవాళ్లు మేడ మీద గది, ఆ మీద రేకుల గది, మెట్ల కింద గది వేసి అద్దెకిచ్చారు. ఆడపిల్లల హాస్టళ్లు వీధి వీధినా లేచాయి. శ్రీకాకుళం పిల్ల, ఆదిలాబాద్ పిల్ల ఒకే గదిలో రెండు మంచాల మీద లెక్కలు చేసుకుంటూ, ఒకే గిన్నెలో పులిహోర కలుపుకుని తింటున్నారు. మెస్సుల్లో పొద్దున ఇడ్లీ వాయి దిగేలోగా వరుస రోడ్డు దాకా వస్తుంది. ఒకప్పుడు ఒంటరి ఆడమనిషికి తాళం ఇవ్వని ఊరు ఇప్పుడు వాళ్ల అద్దెల మీద బతుకుతోంది. పరీక్ష గట్టెక్కిన పిల్ల గది ఖాళీ చేస్తే ఇల్లుగలావిడ సంతోషపడాలో బాధపడాలో తెలియక స్వీటు పెట్టె పుచ్చుకుంటుంది.

ఆళ్లగడ్డకు ఇంత హడావుడి లేదు. అది దారి ఊరు. కర్నూలు కడప రోడ్డు మీద పుట్టిన బతుకు. తెలుగుగంగ కాలువ నల్లమల అంచున తవ్విన ఏళ్లలో ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, గుత్తమేస్త్రీలు ఊరికి కళ తెచ్చారు. 1983లో మొదలుపెట్టిన ఆ పథకం నీళ్లు మద్రాసుకు 1996లో గానీ చేరలేదు. ఆళ్లగడ్డలో గదులు కట్టినవాళ్లకు ఆ ఆలస్యం కలిసొచ్చింది. రెండో ఆసరా శిల్పులు. రోడ్డు పక్కనే షెడ్లలో ఉలి చప్పుడు. నందులు, నాగప్రతిమలు, ధ్వజస్తంభం పీఠాలు, మధ్యలో చెయ్యెత్తిన నాయకుల విగ్రహాలు. కర్ణాటకనుంచో తెలంగాణనుంచో గుడి కమిటీవాళ్లు వస్తారు, రాయి చూస్తారు, కొలతలిస్తారు, బయానా ఇస్తారు. కళ్లు తెరిపించే ముందు మళ్లీ వచ్చి ఒక రాత్రి ఉంటారు. విగ్రహాన్ని గడ్డి పరిచి వ్యానెక్కించే దాకా శిల్పికి, కమిటీ పెద్దకు ముక్కు దగ్గర వాదన జరుగుతూనే ఉంటుంది. నాలుగు వరుసల రోడ్డు, బైపాస్ వచ్చాక లారీలు ఊళ్లోకి రావడం మానేశాయి, ధాబాలు బైపాస్ మీదికి పోయాయి. ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో తెరిచినప్పుడు అది బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా పోయింది, ఆళ్లగడ్డకు రాలేదు. ఊరి లాడ్జీలకు ఇక మిగిలింది నరసింహస్వామి, శిల్పులు, కోర్టు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. కొత్త ఆఫీసులకు బదిలీ అయి వచ్చినవాళ్లు ఇల్లు దొరికేదాకా లాడ్జీల్లోనే ఉన్నారు. ఇప్పుడు లాడ్జి అనే బోర్డులు తగ్గి రెసిడెన్సీ, గ్రాండ్ అనే బోర్డులు వచ్చాయి. రిజిస్టరు పోయి కంప్యూటరు వచ్చింది. 'వచ్చిన పని' అని ఎవరూ అడగడం లేదు, ఆధార్ కాపీ ఇస్తే చాలు. నాలాంటి వాడికి అది నష్టమే.

దూరపువాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు, యాడ దిగితే మేలు అని. మహానందికైతే నంద్యాలలోనే దిగండి. ఎంతో దూరం లేదు, బస్సులు ఎడతెగకుండా తిరుగుతాయి. కార్తీక సోమవారం, శివరాత్రి తప్ప గదికి కష్టం లేదు. అహోబిలానికైతే ముందురోజు రాత్రికి ఆళ్లగడ్డ చేరండి. బస్సు బైపాస్ మీద దింపేస్తుందా ఊళ్లోకి వస్తుందా అన్నది ఎక్కేముందే కండక్టర్ని అడగండి. పొద్దున మొదటి బస్సుకు పోతే ఎండెక్కేలోగా ఎగువకు చేరతారు. దిగువ అహోబిలంలోనే ఉండాలంటే మఠంవారి అతిథిగృహం ఉంది, టూరిజం వాళ్ల హరిత ఉంది, సత్రాలున్నాయి. శని ఆదివారాలు, స్వాతి నక్షత్రం రోజు ముందే చెప్పుకోకపోతే ఎక్కడా దొరకదు. జ్వాలా నరసింహుడి దాకా, పావన నరసింహుడి దాకా నడిచేవాళ్లు స్థానికుణ్ని ఒకరిని వెంట తీసుకోండి, ఆ కూలి దగ్గర బేరం ఆడకండి. వేడినీళ్లు ఎన్నింటికి ఇస్తారో రాత్రే కనుక్కోండి. ఆధార్ కాపీలు రెండు మూడు ఇంటి దగ్గరే తీసుకుని రండి. తెల్లవారుజామున ఆళ్లగడ్డలో జిరాక్స్ షాపు వెతుక్కుంటూ బస్సు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.